పంప్‌హౌస్ మునిగిన ఒడ్డున రియాక్టరా?

రామగుండంలో 62.5 మెగావాట్ల బి-థర్మల్ కేంద్రం 1971 నుంచి కరెంటు ఇచ్చి ఇచ్చి 2024లో ఆగిపోయింది. అదే ఏడాది నవంబరులో జరిగిన రాష్ట్రాల విద్యుత్ మంత్రుల సదస్సులో కేంద్ర మంత్రి మనోహర్‌లాల్ ఒక సూచన చేశారు. కాలం తీరిన బొగ్గు కేంద్రాల స్థలాల్లో అణు విద్యుత్ కేంద్రాలు పెట్టే సంగతి రాష్ట్రాలు ఆలోచించాలన్నారు. మూడు నెలలు తిరక్కుండానే వచ్చిన కేంద్ర బడ్జెట్ 2047 నాటికి లక్ష మెగావాట్ల అణు విద్యుత్‌ను లక్ష్యంగా పెట్టింది. చిన్న రియాక్టర్ల పరిశోధనకు 20,000 కోట్ల రూపాయలు కేటాయించి, 2033 కల్లా కనీసం ఐదింటిని నడపాలని గడువు విధించింది. 2025 డిసెంబరులో పార్లమెంటు 'శాంతి' చట్టం చేసింది. దాంతో 1962 నాటి అణుశక్తి చట్టం, 2010 నాటి అణు నష్టపరిహార చట్టం రెండూ పోయి, ప్రైవేటు కంపెనీలకు తలుపు తెరుచుకుంది. మంత్రి సూచనలో ఏ ఊరి పేరూ లేదు. అయినా గోదావరి ఒడ్డున, సింగరేణి మీద బతికే పట్టణాల్లో, బొగ్గు తర్వాత ఏమిటన్న మాట వచ్చినప్పుడల్లా అణువు పేరు వినబడుతోంది. ఆ ప్రశ్న మన గడప దాకా రాకముందే తెలంగాణ ప్రభుత్వం దానికి స్పష్టంగా 'వద్దు' అని చెప్పాలి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కొవ్వాడ అణు కేంద్రం ప్రతిపాదనను వదులుకోవాలి. ఎందుకో చెప్పడమే ఈ వ్యాసం పని.

ముందుగా అటువైపు వాదనను దాని పూర్తి బలంతో వినాలి. బొగ్గు చంపినంతమందిని అణు విద్యుత్ చంపలేదు. యూనిట్‌కు ఇన్ని మరణాలని లెక్క తీస్తే బొగ్గు ఎక్కడో పైన, అణువు సౌర, పవన విద్యుత్తుల పక్కన కింద ఉంటాయి. గోదావరిఖనిలో ఓపెన్‌కాస్ట్ దుమ్ము పీల్చే కుటుంబాలకు, బూడిద చెరువుల పక్కన సేద్యం చేసే రైతులకు ఈ తేడా ఒకరు చెప్పనక్కర్లేదు. రియాక్టర్ కర్బన వాయువులు వదలదు, రాత్రీ పగలూ ఒకే తీరున నడుస్తుంది. తారాపూర్ 1969లో మొదలైనప్పటి నుంచి మన దేశంలో జనావాసాలను ఖాళీ చేయించాల్సిన అణు ప్రమాదం జరగలేదు. తెలంగాణ ఈ రంగానికి కొత్తదేమీ కాదు. దేశంలోని రియాక్టర్లకు ఇంధనం హైదరాబాద్‌లోని న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్‌లో తయారవుతుంది, భారజలంలో కొంత గోదావరి పక్కన మణుగూరు నుంచి వెళ్తుంది. రాష్ట్రంలో విద్యుత్ డిమాండ్ 2025 మార్చిలో 17,000 మెగావాట్లు దాటింది. ఇవన్నీ నిజాలే. అణు విద్యుత్‌ను సమర్థించే వారిలో వాతావరణ మార్పు గురించి మనస్ఫూర్తిగా కలత చెందేవారు చాలామంది ఉన్నారు. వారితో నా తగాదా రియాక్టర్ భౌతికశాస్త్రం మీద కాదు. ఆ రియాక్టర్‌ను కట్టే, నడిపే, కనిపెట్టి చూసే, తేడా వస్తే బాధ్యత మోసే వ్యవస్థల మీద.

బొగ్గు బాయిలర్‌కూ రియాక్టర్‌కూ ఉన్న అసలు తేడా యంత్రాన్ని ఆపిన తర్వాత తెలుస్తుంది. బొగ్గు ఆపితే మంట ఆగుతుంది. రియాక్టర్‌ను ఆపినా ఇంధన కడ్డీల్లో పుట్టిన రేడియోధార్మిక పదార్థాలు వేడిని విడుస్తూనే ఉంటాయి. ఆపిన క్షణంలో ఆ వేడి పూర్తి సామర్థ్యంలో ఆరేడు శాతం ఉంటుంది. గంటల్లో ఒక శాతం దగ్గరకు దిగుతుంది గానీ, ఆ ఒక్క శాతాన్ని లాగేయడానికి కూడా రోజుల తరబడి నీరు తిరగాలి. నీరు తిరగాలంటే పంపులు నడవాలి, పంపులు నడవాలంటే కరెంటు కావాలి. 2011 మార్చి 11న జపాన్‌లోని ఫుకుషిమాలో భూకంపం రాగానే నడుస్తున్న రియాక్టర్లు అనుకున్నట్టే ఆగాయి. ఆ తర్వాత వచ్చిన సునామీ నీరు డీజిల్ జనరేటర్లను ముంచేసింది. చల్లబరిచే దారి లేక మూడు రియాక్టర్ల గుండెలు కరిగాయి. అంత ఎత్తున అల రావచ్చని 2008లో ఆ కేంద్రాన్ని నడిపే కంపెనీ సొంత లెక్కల్లోనే తేలింది. గోడ మాత్రం లేవలేదు. జపాన్ పార్లమెంటు నియమించిన విచారణ సంఘం అధ్యక్షుడు కియోషి కురొకావా 2012లో ఇచ్చిన నివేదికలో ఇది మనుషుల చేతుల్లో జరిగిన విపత్తని రాశారు. కంపెనీ, ప్రభుత్వం, నియంత్రణ సంస్థ ఒకరికొకరు కొమ్ముకాశారన్నది ఆ నివేదిక సారాంశం.

ఇప్పుడు మన నది ఒడ్డుకు వద్దాం. 2022 జూలైలో గోదావరి పొంగినప్పుడు మేడిగడ్డ ఎగువన కన్నెపల్లి పంప్‌హౌస్‌లోకి వరద దూసుకొచ్చింది. రక్షణ గోడ కూలింది, 17 మోటార్లున్న ఆ కట్టడం నీట మునిగింది. అన్నారం పంప్‌హౌస్‌దీ అదే గతి. అదే వారంలో నిర్మల్ జిల్లాలోని కడెం ప్రాజెక్టుకు దాని గేట్లు వదలగలిగిన దానికి మించి వరద వచ్చి, నీరు గేట్ల మీంచి దూకింది. 18 గేట్లలో ఒకటి తెరుచుకోలేదు. కింది ఊళ్ళ జనం ఆ రాత్రి కట్ట నిలుస్తుందో లేదో తెలియక గడిపారు. మరుసటి ఏడాది జూలైలో మళ్ళీ అదే కథ, ఈసారి మొరాయించిన గేట్లు ఎక్కువ. 2019 జూన్‌లో ప్రారంభించిన మేడిగడ్డ బ్యారేజీ పిల్లర్లు 2023 అక్టోబర్ 21న కుంగాయి. నాలుగేళ్ళ నాలుగు నెలల వయసు. తప్పెవరిదన్న రాజకీయ వాదన జోలికి ఇక్కడ పోను. ఆ పని చేయడానికి జస్టిస్ పీసీ ఘోష్ కమిషన్ వేశారు, నివేదిక వచ్చింది, దాని మీద వాదులాట సాగుతోంది. నాకు కావాల్సింది అందులోని సాంకేతిక సత్యం. వరద నీటిని ఎత్తిపోయడం కోసమే కట్టిన పంపులను మనం వరద నుంచి కాపాడుకోలేకపోయాం. ఇదే నదికి ఏ మట్టానికి వరద వస్తుందన్న లెక్క, ఆ లెక్కను పరిశీలించిన యంత్రాంగం, పనిని తనిఖీ చేసిన కాగితాలు, అన్నీ ఉన్నాయి. మోటారు మునిగితే మోటారు పోతుంది, పంటకు నీరు ఆలస్యమవుతుంది. రియాక్టర్ పంపు మునిగితే పోయేది పరగణా.

ఇది దూరపు భయం కాదనడానికి అణు కేంద్రాల చరిత్రే సాక్ష్యం. 1994 జూన్‌లో గుజరాత్‌లోని కాక్రాపార్ కేంద్రం టర్బైన్ భవనంలోకి వరద నీరు చేరింది. అదృష్టవశాత్తూ రియాక్టర్ అప్పటికి ఆగి ఉంది. అంతకు ముందు ఏడాది, 1993 మార్చి 31న, ఉత్తరప్రదేశ్‌లోని నరోరాలో టర్బైన్ రెక్కలు రెండు విరిగి, హైడ్రోజన్ అంటుకుని, మంటలు కేబుళ్ళ వెంట పాకాయి. మామూలు కరెంటు కేబుళ్ళూ అత్యవసర కరెంటు కేబుళ్ళూ ఒకే చోట వేయడం వల్ల రెండూ కాలిపోయాయి. కేంద్రం దాదాపు 17 గంటలు చీకట్లో ఉంది. టార్చిలైట్లతో పైకెక్కి బోరాన్ ద్రావణం పోసిన సిబ్బంది ధైర్యమే ఆ రోజు గంగా తీరాన్ని కాపాడింది. ఆ రకం రెక్కల్లో లోపముందని తయారీదారుల నుంచి హెచ్చరిక ముందే వచ్చింది. ప్రమాదం జరిగాక గానీ వాటిని మార్చలేదు. మన అణు ఇంజినీర్లు అసమర్థులని ఎవరూ అనరు, నేనూ అనను. 2004 డిసెంబరు సునామీలో కల్పాక్కం పంప్‌హౌస్‌లోకి సముద్రపు నీరు వచ్చినా రియాక్టర్‌ను క్షేమంగా ఆపిన చేతులు మనవాళ్ళవే. కానీ ప్రతిసారీ చివరి నిమిషంలో మనిషి నిబ్బరం మీద ఆధారపడే భద్రతను లక్ష మెగావాట్లకు, అందులోనూ ఈ రంగంలో అనుభవం లేని ప్రైవేటు యాజమాన్యాలకు విస్తరించడం వేరే సంగతి.

కనిపెట్టి చూసే వ్యవస్థ ఎలా ఉంది? అణుశక్తి నియంత్రణ మండలి 1983లో ఏర్పడింది. 1993 నుంచి 1996 దాకా దానికి అధ్యక్షుడిగా ఉన్న ఎ. గోపాలకృష్ణన్ హయాంలో, 1995లో, దేశంలోని అణు కేంద్రాల్లో 130 భద్రతా లోపాల జాబితా తయారైంది. పదవి దిగాక ఆయన ఈ మండలి స్వతంత్రత గురించి బహిరంగంగా ప్రశ్నిస్తూ వచ్చారు. 2012లో కాగ్ నివేదిక వచ్చింది. ఏర్పడి మూడు దశాబ్దాలు కావస్తున్నా దేశానికొక రేడియేషన్ భద్రతా విధానాన్ని మండలి తయారుచేయలేదని, నిబంధనల్లో గరిష్ఠ జరిమానా 500 రూపాయలేనని ఆ నివేదిక చెప్పింది. స్వతంత్ర నియంత్రణ సంస్థ కోసం 2011లో పెట్టిన బిల్లు 2014లో లోక్‌సభతోపాటే మురిగిపోయింది. కొత్త చట్టం మండలికి చట్టబద్ధ హోదా ఇచ్చింది, మంచిదే. అయితే హోదా కాగితం మీద ఒక్క రోజులో వస్తుంది. బలమైన కంపెనీని, అంతకంటే బలమైన ప్రభుత్వాన్ని ఆపగల అలవాటు మాత్రం ఏళ్ళ తరబడి పనిచేస్తేనే వస్తుంది. ఆ అలవాటు రాకముందే పదకొండు రెట్ల విస్తరణ తలకెత్తుకున్నాం.

ఇక నీరు. బాసర మెట్ల దగ్గర నిలబడేవారికి గోదావరి ఏడాది పొడవునా ఒకేలా ఉండదని తెలుసు. మహారాష్ట్రలోని బాబ్లీ గేట్లు సుప్రీంకోర్టు 2013 ఫిబ్రవరి తీర్పు ప్రకారం జూలై 1న తెరుచుకుని అక్టోబరు చివర్లో మూసుకుంటాయి. ఆ తర్వాత యాసంగి అంతా శ్రీరాంసాగర్‌లో నిలిచిందే మనకు దిక్కు. 112 టీఎంసీల కోసం కట్టిన ఆ జలాశయం పూడికతో 80 టీఎంసీల దగ్గరికి దిగింది. హర్యానాలోని గోరఖ్‌పూర్‌లో కడుతున్న 2,800 మెగావాట్ల అణు కేంద్రానికి భాక్రా కాలువ నుంచి 320 క్యూసెక్కులు కేటాయించారు. ఏడాదికి లెక్కేస్తే సుమారు 10 టీఎంసీలు. హైదరాబాద్ తాగునీటికి ఎల్లంపల్లి నుంచి మొదటి దశలో ఇచ్చిన వాటా ఎంతో, ఇంచుమించు అంత. యూనిట్‌కు లెక్క తీస్తే బొగ్గు కేంద్రం కంటే అణు కేంద్రానికే నీరు ఎక్కువ కావాలి, పైగా ఆపినా ఆ అవసరం తీరదు. 2022 వేసవిలో ఫ్రాన్స్‌లో రోన్, గరోన్ నదులు వేడెక్కి అణు కేంద్రాల ఉత్పత్తి తగ్గించాల్సి వచ్చింది. మన మే నెల గోదావరి గురించి ఇంకేం చెప్పాలి?

ఈ నదికి మరో విచిత్రం తోడైంది, దాన్ని ఎవరూ పట్టించుకున్నట్టు లేదు. ప్రపంచంలో చాలా నదుల ఒడ్డున అణు కేంద్రం పెడితే ప్రమాదం దిగువ వారికే. ఇక్కడ నీటిని మనం ఎగువకు నడిపిస్తున్నాం. రామగుండం చుట్టుపక్కల నుంచి వచ్చే నీరు సుందిళ్ళ బ్యారేజీలో చేరుతుంది. అక్కడి నుంచి గోలివాడ పంపులు దాన్ని ఎల్లంపల్లిలోకి ఎత్తిపోయాలి. ఎల్లంపల్లి నుంచి మేడారం, లక్ష్మీపూర్ మీదుగా వరద కాలువలోకి, కాలువ నుంచి ఒక వైపు మిడ్‌మానేరుకు, ఇంకో వైపు రాంపూర్, రాజేశ్వరరావుపేట, ముప్కాల్ పంపుల ద్వారా వెనక్కి శ్రీరాంసాగర్‌లోకి నీరు వెళ్ళేలా పునరుజ్జీవ పథకం కట్టారు. శ్రీరాంసాగర్ వెనుక నీరే బాసర దాకా నిలిచేది. మేడిగడ్డ కుంగాక కింది ఎత్తిపోతలు ఆగాయి గానీ పథకాన్ని బాగుచేసి నడపాలన్నదే అందరి కోరిక. అంటే రామగుండంలో నీటికి ఏదైనా కలిస్తే అది మంథని వైపే కాదు, కరీంనగర్, సిరిసిల్ల, నిజామాబాద్, బాసర వైపు కూడా పంపుల మీద ప్రయాణం చేయగలదు. ఆ దారిలోనే రాజధాని తాగునీరు తోడే చోటు ఉంది. రాష్ట్రం మొత్తం నీటి గొలుసు ఒకే కొక్కేనికి వేలాడుతున్న చోట రియాక్టర్ పెట్టడం ఏ ప్రమాణం ప్రకారం సరైన స్థల ఎంపిక అవుతుంది?

జనాభా సంగతి చూసినా అంతే. స్థల ఎంపికకు అణుశక్తి నియంత్రణ మండలి పెట్టుకున్న పాత ప్రమాణాల్లో, 30 కిలోమీటర్ల లోపు లక్షకు మించిన పట్టణం ఉండకపోవడం ఒకటి. రామగుండం ఒక్కదాని జనాభాయే 2011 లెక్కల్లో 2 లక్షల 29 వేలు. 16 కిలోమీటర్ల అత్యవసర ప్రణాళికా పరిధి గీస్తే గోదావరిఖని మొత్తం అందులో పడుతుంది, మంచిర్యాల అంచుకు వస్తుంది. ఫుకుషిమాలో అమెరికా తన పౌరులను 80 కిలోమీటర్ల అవతలికి వెళ్ళమంది. ఆ వలయంలో కరీంనగర్, పెద్దపల్లి, జగిత్యాల, బెల్లంపల్లి అన్నీ ఉంటాయి. కాలం తీరిన బొగ్గు కేంద్రాల స్థలాల్లో అణువు పెడదామన్న ఆలోచనలో ఉన్న లోపమే ఇది. బొగ్గు కేంద్రం చుట్టూ అర్ధ శతాబ్దంలో ఊరు పెరుగుతుంది, అక్కడ భూమీ ట్రాన్స్‌మిషన్ లైన్లూ నీటి కేటాయింపూ సిద్ధంగా ఉంటాయి. వాటితోపాటే జనం కూడా ఉంటారు.

భూకంపాల మాట ఎక్కువ సాగదీయను. రియాక్టర్లను మన ప్రాంతంలో వచ్చిన ప్రకంపనల కంటే పెద్దవాటికి తట్టుకునేలా కట్టవచ్చు. ఇబ్బంది మన లెక్కల నమ్మకంతోనే. దక్కను కదలని నేల అని పాఠ్యపుస్తకాలు చెబుతున్న కాలంలోనే, 1993 సెప్టెంబరు 30 తెల్లవారుజామున బాసరకు సుమారు 170 కిలోమీటర్ల దూరంలోని కిల్లారి నేలమట్టమై దాదాపు పదివేల మంది చనిపోయారు. 1969లో భద్రాచలం దగ్గర 5.7, 2024 డిసెంబరు 4న ములుగు జిల్లాలో 5.3 తీవ్రత నమోదైంది. ములుగు ప్రకంపన కేంద్రం రామగుండానికి వంద కిలోమీటర్ల లోపే. గోదావరి లోయ కింద పాత పగుళ్ళున్నాయని భూగర్భశాస్త్రం చాలాకాలంగా చెబుతూనే ఉంది.

జరగరానిది జరిగితే ఎవరు భరిస్తారు? ఈ ప్రశ్నకు భారతదేశం 2010లో భోపాల్ అనుభవంతో ఒక జవాబు చెప్పింది. యూనియన్ కార్బైడ్ 1989లో 47 కోట్ల డాలర్లతో చేతులు దులుపుకున్న చేదు గుర్తుండబట్టే, లోపమున్న పరికరం అమ్మిన సరఫరాదారు మీద కూడా అణు కేంద్రాన్ని నడిపే సంస్థ దావా వేసే హక్కును పార్లమెంటు ఆ చట్టంలో రాసింది. అమెరికన్ కంపెనీలు పదిహేనేళ్ళు ఆ సెక్షన్ తీసేయమని అడిగాయి. 2025 చట్టం తీసేసింది. నడిపే సంస్థ బాధ్యతకు అతి పెద్ద రియాక్టర్లకైతే 3,000 కోట్ల రూపాయలు, అతి చిన్న వాటికి 100 కోట్లు హద్దుగా పెట్టింది. ఫుకుషిమా ఖర్చును జపాన్ ప్రభుత్వం 2016లోనే 21.5 లక్షల కోట్ల యెన్లుగా అంచనా వేసింది. మన రూపాయల్లో పది లక్షల కోట్లకు పైమాట. పద్నాలుగేళ్ళ తర్వాత కూడా అక్కడ కరిగిన ఇంధనం దాదాపు 880 టన్నులు లోపలే ఉంది. 2024 నవంబరులో బయటికి తీయగలిగిన మొదటి నమూనా బరువు ఒక గ్రాము కూడా లేదు. విశాఖలో ఎల్జీ పాలిమర్స్ నుంచి 2020 మే 7 తెల్లవారుజామున స్టైరీన్ లీకై 12 మంది చనిపోయినప్పుడు, ఆ కర్మాగారం పర్యావరణ అనుమతి లేకుండానే నడిచిందని బయటపడింది. ఆ ఘటన తెలుగువారందరికీ జ్ఞాపకం ఉంది. సాధారణ రసాయన కర్మాగారంలో అనుమతిని సరిచూడలేని ప్రభుత్వాలు, రియాక్టర్ అమ్మే కంపెనీని బాధ్యత నుంచి తప్పించడం ప్రజల ప్రాణాలను తాకట్టు పెట్టడమే.

కొవ్వాడ ఈ విధానానికి నిలువెత్తు ఉదాహరణ. శ్రీకాకుళం జిల్లా రణస్థలం మండలంలోని ఆ మత్స్యకార గ్రామాల తీరాన్ని 2008 అణు ఒప్పందం తర్వాత అమెరికన్ రియాక్టర్లకు కేటాయించారు. ముందు జీఈ-హిటాచీ అన్నారు. 2016లో గుజరాత్‌లోని మీఠీ విర్డీ రైతులు ఒప్పుకోకపోవడంతో అక్కడి వెస్టింగ్‌హౌస్ ప్రాజెక్టును కొవ్వాడకు తెచ్చారు. ఒక్కొక్కటి 1,208 మెగావాట్ల ఆరు ఏపీ-1000 రియాక్టర్లు. తొమ్మిది నెలలకే, 2017 మార్చిలో, వెస్టింగ్‌హౌస్ దివాలా పిటిషన్ వేసింది. అదే రకం రియాక్టర్లు అమెరికాలోని దక్షిణ కెరోలినాలో 900 కోట్ల డాలర్లు మింగి మధ్యలో ఆగిపోయాయి. జార్జియాలోని వోగ్‌టిల్‌లో రెండు రియాక్టర్లు ఏడేళ్ళు ఆలస్యంగా, 1,400 కోట్ల డాలర్లనుకున్నవి 3,000 కోట్ల డాలర్లు దాటాక పూర్తయ్యాయి. కేంద్ర విద్యుత్ శాఖ కార్యదర్శిగా పనిచేసిన ఈఏఎస్ శర్మ కొవ్వాడ వద్దని ఏళ్ళుగా ప్రభుత్వాలకు లేఖలు రాస్తున్నారు. కరెంటు వ్యాపారం లోతులు తెలిసిన మనిషి మాట అది. భూమి పోయి, పరిహారం కొంత వచ్చి, పునరావాసం సగంలో నిలిచి, రియాక్టర్ మాత్రం రాక, ఆ ఊళ్ళు నడిమధ్య వేలాడుతున్నాయి.

ఐరోపాలోనూ పెద్ద రియాక్టర్ల కథ ఇంతే. ఫిన్లండ్ ఓల్కిలుఓతో మూడో రియాక్టర్ 2005లో మొదలై 2023లో పూర్తిస్థాయికి వచ్చింది. అణు విద్యుత్తులో అందరికంటే అనుభవమున్న ఫ్రాన్స్ ఫ్లామన్‌విల్ మూడో రియాక్టర్‌ను 2007లో మొదలుపెట్టి 2024 డిసెంబరులో గ్రిడ్‌కు కలిపింది. వ్యయం 330 కోట్ల యూరోల నుంచి 1,300 కోట్లు దాటింది. చైనా, దక్షిణ కొరియా వేగంగా కడుతున్నాయనేది నిజం. ఒకే నమూనాను పదే పదే కట్టే పరిశ్రమా, ఎదురు ప్రశ్నకు తావివ్వని పాలనా చైనా వేగానికి కారణాలు. రెండోదాన్ని మనం కోరుకోకూడదు. కూడంకుళంలో ప్రశ్నించిన ఇడింతకరై మత్స్యకారుల మీద రాజద్రోహం కేసులు పెట్టినప్పుడు మనం ఆ దారిలో ఎంత దూరం వెళ్ళామో చూశాం.

వదులుకున్న దేశాల అనుభవం కూడా నిజాయతీగా చెప్పాలి. ఆస్ట్రియా ట్స్వెంటెన్‌డోర్ఫ్‌లో పూర్తిగా కట్టిన కేంద్రాన్ని 1978లో ప్రజాభిప్రాయ సేకరణలో ఓడించి, ఒక్క రోజూ నడపకుండా వదిలేసింది. ఇటలీ ప్రజలు 1987లో, మళ్ళీ 2011లో వద్దన్నారు. భౌతికశాస్త్రవేత్త అయిన ఏంగెలా మెర్కెల్ ఫుకుషిమా తర్వాత మనసు మార్చుకోగా, జర్మనీ 2023 ఏప్రిల్ 15న చివరి మూడు రియాక్టర్లను మూసింది. జర్మనీ ముందు బొగ్గును మూసి తర్వాత అణువును మూసి ఉంటే బాగుండేదన్న విమర్శలో న్యాయముంది. అయితే ఆ ఏడాదే అక్కడ బొగ్గు వాడకం దశాబ్దాల్లోకెల్లా కనిష్ఠానికి పడిపోయిందన్నదీ నిజమే. తైవాన్ 2025 మేలో చివరి రియాక్టర్‌ను ఆపింది. బెల్జియం మాత్రం అదే నెలలో మూసివేత చట్టాన్ని వెనక్కి తీసుకుంది. ఫుకుషిమాకు ముందు 54 రియాక్టర్లున్న జపాన్ 2013 సెప్టెంబరు నుంచి 2015 ఆగస్టు దాకా ఒక్కటీ నడపకుండా దేశాన్ని వెలిగించింది, గ్యాస్ దిగుమతికి భారీగా ఖర్చుపెట్టి. కట్టిన రియాక్టర్‌ను మూయడం ఖరీదైన పని. ఇంకా కట్టని తెలంగాణకు ఆ ఖర్చు లేదు.

చిన్న రియాక్టర్లు ఇవన్నీ తీరుస్తాయని ఇప్పుడు చెబుతున్నారు. అమెరికాలో అనుమతుల దాకా వెళ్ళిన న్యూస్కేల్ సంస్థ యూటా ప్రాజెక్టు, ధర పెరిగిపోయి కొనేవారు వెనక్కి తగ్గడంతో 2023 నవంబరులో రద్దయింది. చిన్న రియాక్టర్లు యూనిట్‌కు ఎక్కువ వ్యర్థాలు మిగులుస్తాయని స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 2022లో లెక్క తేల్చారు. చిన్నదైనా దానికీ ఆపాక చల్లబరిచే ఏర్పాటు కావాలి, కాపలా కావాలి, వేల ఏళ్ళు దాచాల్సిన వ్యర్థానికి చోటు కావాలి. ఆ చోటు మన దేశంలో ఇంతవరకు లేదు. గొలుసు మొదటి కొస సంగతి కడప జిల్లా తుమ్మలపల్లె చెబుతుంది. యురేనియం శుద్ధి వ్యర్థాల చెరువు పక్కన కేకే కొట్టాల రైతులు బోరు నీళ్ళు పాడై అరటి తోటలు ఎండాయని మొత్తుకున్నారు, కాలుష్య నియంత్రణ మండలి నోటీసులు ఇవ్వాల్సి వచ్చింది. ఆ అనుభవం చూసే 2019 సెప్టెంబరు 16న తెలంగాణ శాసనసభ నల్లమలలో యురేనియం తవ్వకాలు వద్దని ఏకగ్రీవంగా తీర్మానించింది. అమ్రాబాద్ చెంచులకు ఇచ్చిన ఆ మాట గోదావరి లోయకు ఎందుకు వర్తించకూడదు?

అణువు లేకపోతే ఏమిటన్నది న్యాయమైన ప్రశ్న. 2000 నాటికి 10,000 మెగావాట్లన్న అణుశక్తి శాఖ లక్ష్యం మూడో వంతు కూడా నెరవేరలేదు. 2020 నాటికి 20,000 అన్నదీ నెరవేరలేదు. యాభై ఆరేళ్ళలో దేశం చేరుకున్నది దాదాపు 8,800 మెగావాట్లు, మొత్తం కరెంటులో మూడు శాతం. సౌర విద్యుత్ మొదలై పదిహేనేళ్ళయింది, 2025 జనవరిలో లక్ష మెగావాట్లు దాటింది. సూర్యుడు రాత్రి ఉండడు గనుక ఆ లక్షను పాతిక వేల అణు మెగావాట్లతో సమానంగా లెక్కేసినా, అది దాదాపు మూడింతలు. నాలుగు గంటల బ్యాటరీ నిల్వతో కలిపిన సౌర విద్యుత్‌ను 2024 డిసెంబరు వేలంలో యూనిట్ మూడున్నర రూపాయల దరిదాపుల్లో ఇవ్వడానికి కంపెనీలు ముందుకొచ్చాయి. రామగుండం ఎన్టీపీసీ జలాశయం మీద 100 మెగావాట్ల తేలియాడే సౌర కేంద్రం 2022 నుంచి నడుస్తోంది. మేడిపల్లి ఓపెన్‌కాస్ట్ గుంతను పంప్డ్ స్టోరేజీకి వాడుకోవాలని సింగరేణి ప్రణాళిక వేసుకుంది. పగటి మిగులు కరెంటుతో నీటిని పైకెత్తి, రాత్రి కిందికి వదిలి తీసుకోవడం అది. ఈ ప్రాంతంలో తవ్వి వదిలేసిన గుంతలకు కొదవ లేదు. అన్నిటికంటే పెద్ద వనరు మన పొలాల్లోనే ఉంది. పాతిక లక్షలకు పైగా వ్యవసాయ మోటార్లను, ఎత్తిపోతల పంపులను ఎండ ఉన్న వేళల్లో నడిపితే రాత్రి డిమాండ్ అంతమేర దిగుతుంది. దీనికి పరిశోధన అక్కర్లేదు, ఫీడర్ల విభజన, రైతుకు నమ్మకమైన పగటి సరఫరా చాలు.

కాబట్టి తెలంగాణ ప్రభుత్వం చేయాల్సిన పని సూటిగా ఉంది. 2019 తీర్మానాన్ని అణు విద్యుత్ కేంద్రాలకు పొడిగిస్తూ శాసనసభలో కొత్త తీర్మానం చేయాలి. గోదావరి, కృష్ణా బేసిన్లలో భూమి, నీరు అణు కేంద్రాలకు కేటాయించబోమని అందులో రాయాలి. నీటి కేటాయింపూ భూసేకరణా రాష్ట్రం చేతుల్లోవే, రియాక్టర్ల లైసెన్సు కేంద్రానిదైనా ఈ రెండూ లేకుండా పునాది పడదు. రామగుండం బి-థర్మల్ స్థలంలో ఏం రావాలన్నా సౌర, నిల్వ కేంద్రాలకు మొదటి హక్కు ఇవ్వాలి, అక్కడి కార్మికులకు ఆ పనుల్లో శిక్షణ, ఉద్యోగం రాతపూర్వకంగా కట్టబెట్టాలి. 2025లో ప్రకటించిన హరిత ఇంధన విధానానికి జిల్లాల వారీ లక్ష్యాలు పెట్టి, ఉమ్మడి ఆదిలాబాద్, కరీంనగర్ జిల్లాల వాటా ఎంతో చెప్పాలి. బాసర ట్రిపుల్ ఐటీలో చదివే వేలాది గ్రామీణ విద్యార్థులకు గ్రిడ్, బ్యాటరీ, పంప్డ్ స్టోరేజీ ఇంజినీరింగ్‌లో చదువూ ప్రయోగశాలలూ ఇక్కడే కల్పించాలి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కొవ్వాడ ఒప్పందం నుంచి బయటపడి, ఆ గ్రామాలకు మిగిలిన పరిహారం చెల్లించి, తీరాన్ని మత్స్యకారులకు తిరిగి ఇవ్వాలి. ఇవి కంపెనీలు ప్రతిపాదనలతో రాకముందే జరగాలి. సర్వేరాయి పాతిన తర్వాత వెనక్కి తగ్గిన ప్రభుత్వం దాదాపు లేదు, పదిహేనేళ్ళుగా నోటిఫికేషన్ల కింద నలుగుతున్న కొవ్వాడ భూముల్లో ఇవాళ కొత్త ఇల్లు కట్టుకోవడానికి కూడా జనం వెనకాడుతున్నారు.